బిస్రాంపూరు నుండి భిలాయి వరకు

భిలాయి ఉక్కునగరపు చరిత్రను చెప్పువారు సాధారణముగా 1955 ఫిబ్రవరి 2వ తేదీతో ఆరంభింతురు. ఆనాడు భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక జరిగెను. ఏటికి పది లక్షల టన్నుల ఉక్కును తయారుచేయగల కర్మాగారమును దుర్గు పట్టణమునకు సమీపమున నిర్మింపవలెనని నిశ్చయమయ్యెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు అచటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. అంతవరకు వరిపొలములు, చెరువులు, మట్టిగోడల పల్లెలు మాత్రమే యుండిన ఆ మైదానమున, అంకెలతో పిలువబడు సెక్టార్లును, పాఠశాలలును, ఆసుపత్రియు, అంగడివీధులును గల నగరమొకటి కొలదికాలమునకే వెలసెను. దేశమునందలి పలు రాష్ట్రములనుండి జనులు వచ్చి చేరిరి. 1931లో పూర్తియైన రాయపురము–విజయనగరము రైలుదారి తెలుగువారికి ఈ సీమను చేరువ చేసియుండెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలికై, కొలువునకై వచ్చిన కుటుంబములు భిలాయిలో స్థిరపడి, తమ పండుగలను, భాషను, వంటను వెంట తెచ్చుకొనినవి.

ఇట్లు వచ్చినవారిలో క్రైస్తవులును గలరు. కేరళమునుండి సిరియను సంప్రదాయమువారును, ఛోటానాగపూరు, జశ్‌పూరు ప్రాంతములనుండి ఉరాంవు మొదలగు ఆదివాసులును, ఆంధ్రదేశమునుండి తెలుగు సంఘములవారును వచ్చిరి. వీరిని జూచి, భిలాయి క్రైస్తవము కర్మాగారముతో పాటు రైలెక్కి వచ్చినదని పలువురు తలంతురు. అది సగము సత్యము. ఆ మైదానమునందే, ఉక్కు ఒడంబడికకు 87 ఏండ్లకు పూర్వము, చుట్టునున్న లోకపు కట్టుబాట్లకు భిన్నమైన కట్టుబాట్లతో కలిసి బ్రదుకుటకై ఒక క్రైస్తవ గ్రామమునకు పునాది పడినది. ఆ గ్రామము పేరు బిస్రాంపూరు. అది మొదలు ఉక్కునగరము వరకు జరిగిన కథను వరుసగా చూచినచో, మతము పేర ఏర్పడిన ఉమ్మడి జీవనము దేనిమీద నిలుచునో, దేనివలన చెదరునో కొంత తెలియగలదు.

క్రైస్తవ ధర్మగ్రంథమున అపొస్తలుల కార్యములను భాగము యెరూషలేములోని తొలి విశ్వాసుల నడవడిని వర్ణించినది. వారు తమకు గలదానిని ఉమ్మడి చేసికొని, అక్కర కొలది పంచుకొనుచు, ఇంటింట కలిసి భుజించుచుండిరట. తరువాతి శతాబ్దములలో ఐరోపాఖండపు మఠములును, మతసంస్కరణమున పుట్టిన కొన్ని శాఖలును ఈ ఆదర్శమును పలువిధముల అనుసరింప యత్నించెను. అచట కష్టమైనది ఆస్తిని పంచుకొనుట. భారతదేశమున అంతకన్న కష్టమైన పంపకములు గలవు. అన్నపు పంక్తి, నీటి బావి, పిల్లనిచ్చి పుచ్చుకొను సంబంధము, ఈ మూడింటియందును కులము గీచిన గీతను దాటుట ఉన్న ఆస్తి నంతయు పంచిపెట్టుటకంటె పెద్ద సాహసముగా నుండెను. కావున ఈ దేశమున అట్టి జీవనపు చరిత్రను వెదకువాడు ముందు వంటయింటిని, బావిగట్టును చూడవలెను.

తెలుగుదేశమునుండి ఒక ఉదాహరణము దీనిని స్పష్టపరచును. ఒంగోలున అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866 మొదలు పనిచేసెను. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య మూలమున ఆ కులమువారిలో క్రైస్తవము వ్యాపించినది. సంఘమున చేరగోరువారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసమును తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి సామాన్యమైన మతనియమములే. కాని ఊరి పశువు చచ్చినపుడు దానిని మోసికొనిపోవుట, తోలు తీయుట, జాతరలో డప్పు వాయించుట, పిలిచిన నాడు వెట్టికి పోవుట మాదిగవాడకు విధింపబడిన ధర్మములుగా నుండెను. ఈ మూడు నియమములను పాటించిన వాడు ఊరి ఆర్థిక వ్యవస్థనుండియే తొలగినవాడగుచుండెను. అందువలన పలుతావుల వారికి పని లేకుండ చేయుటయు, నీరు అందకుండ చేయుటయు జరిగెను. 1876–78 సంవత్సరముల కరవునాడు క్లౌ బకింగుహాము కాలువ పనిలో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలాది జనులకు కూలి కల్పించెను. తిండికై మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములను ఆపియుంచెను. కరవు తీరిన పిదప, 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిని ఒకటిగా కట్టినది ఉమ్మడి భూమి కాదు, ఉమ్మడి నిరాకరణము. దానికి ప్రతియొక్కరును తమ తమ పల్లెలో విడివిడిగ వెల చెల్లింపవలసి వచ్చెను.

ఛత్తీస్‌గఢ్ మైదానమున కథ వేరొక రీతిగా నడచెను. అచట మిషనరీలు రాకముందే అట్టి నిరాకరణమొకటి పుట్టియుండెను. 19వ శతాబ్దపు మొదటి భాగమున, గిరోద్‌పురికి చెందిన గురు ఘాసీదాసు సత్‌నామ పంథమును స్థాపించెను. చర్మకారులుగా పేరుపడి, వాస్తవమున పెక్కురు సేద్యమే జీవనముగా గలిగి, ఊరి వెలుపల ఉంచబడిన చమారులు వేలకొలదిగ ఆయన వెంట నడచిరి. విగ్రహములు వలదు, మద్యమాంసములు వలదు, పొగాకు వలదు, రక్తవర్ణము గల కూరలు, వంకాయ మొదలగునవి కూడ వలదు; సత్యనామమొక్కటియే స్మరణీయమని ఆయన బోధించెను. ఆయన కుమారుడు బాలకదాసు తన అనుయాయులచే జందెమును ధరింపజేసెను. అగ్రవర్ణములకు మాత్రమే చెల్లునని లోకము తలచిన గురుతును అంత్యజులు ధరించుట సామాన్యమైన ధిక్కారము కాదు. 1860 ప్రాంతమున బాలకదాసు హత్యకు గురియయ్యెను. సత్‌నామీలు తమ పాత పేరును విడిచి క్రొత్త పేరుతో, క్రొత్త ఆహారనియమములతో, తమదైన గురుపీఠముతో ఒక వేరు సమాజముగా నిలిచిరి.

ఈ నేలమీదికి 1868లో ఆస్కార్ లోర్ అను జర్మను మిషనరీ వచ్చెను. ఇతడు పూర్వము గోస్నర్ మిషనులో ఛోటానాగపూరున పనిచేసి, 1857 విప్లవానంతరము అమెరికా చేరి, అచటి జర్మను ఇవాంజెలికల్ మిషనరీ సంఘముచే మరల పంపబడినవాడు. విగ్రహములను నిరాకరించి ఏకేశ్వరుని నామమును జపించు లక్షలాది జనులు ఇచట గలరని విని, వారు తన బోధను ఎదురు చూచుచున్నవారేయని అతడు తలంచెను. భండారులోని గురుపీఠమున అతనికి తొలుత మంచి ఆదరణ లభించెను. కాని 1869లో మొదటివారు బాప్తిస్మము పొందిన సందర్భమున వారు జందెములను తీసివేయవలసి వచ్చెను. మిషనరీ కంటికి అది హిందూమతపు శేషము. సత్‌నామీలకు అది తమ తాతలు నెత్తురు ధారపోసి పొందిన గౌరవచిహ్నము. ఆ ఒక్క దారము తెగుటతో స్నేహము తెగిపోయినది. జాతి యంతయు ఒక్కపెట్టున క్రైస్తవము పుచ్చుకొనునన్న లోర్ ఆశ ఫలింపలేదు. చేరినవారు ఒక్కొక్క కుటుంబముగా, బంధువుల మూలమున బంధువులుగా, మెల్లగా చేరిరి.

చేరినవారు తమ పల్లెలలో ఉండజాలని స్థితి యేర్పడెను. అందులకు లోర్ ముందే ఒక ఉపాయము పన్నియుండెను. 1868లోనే 1,544 ఎకరముల బంజరును మిషను పేర కొని, అచట ఊరు వెలయించి, దానికి విశ్రామస్థానమను అర్థము వచ్చునట్లు బిస్రాంపూరని పేరిడెను. దేవాలయము, పాఠశాల, వైద్యము, పొలము, చెరువు, వాని చుట్టు ఇండ్లు. ఇదియే ఆ గ్రామపు రూపము. తమ పాత ఊరిలో నీటికై వేచి నిలిచినవారు ఇచట తమ చెరువులో తాము నీరు తోడుకొనిరి. అక్షరము దరికి రానీయబడని వారి బిడ్డలు ఇచట పుస్తకము పట్టిరి. ఆదివారము నాగలి కట్టని రైతుల ఊరొకటి ఛత్తీస్‌గఢ్‌లో వెలసినది. ప్రభుభోజనపు ఒకే పాత్ర అందరి పెదవులను తాకునది యగుటచే, అందు పాల్గొనుటయే ఎంగిలి, మైల యను భావములను విడుచుట యయ్యెను.

ఐనను ఈ ఊరియందు ఒక చిక్కు మొదటినుండియు దాగియుండెను. మధ్యపరగణాలలో 1860 దశకపు బందోబస్తు గ్రామపెద్దలను భూస్వాములుగా చేసి, మాల్గుజారులను పేర వారికి హక్కు పత్రముల నిచ్చెను. బిస్రాంపూరును కొనిన మిషను ఆ చట్టము ప్రకారము మాల్గుజారు అయ్యెను. అనగా, ఆదివారము వేదిక యెక్కి సమానత్వమును బోధించువాడే సోమవారము శిస్తు వసూలు చేయువాడు. పొలము కౌలుకిచ్చుటయు, అడవిలో కట్టెలు కొట్టుటకు అనుమతి యిచ్చుటయు, కరవునాడు గింజలు పంచుటయు అతని చేతిలోనిదే. సంఘ నియమములను మీరినవానిని సంఘమునుండి వెలివేయుటయు అతని చేతిలోనిదే. ధర్మాధికారము, భూస్వామ్యము ఒకే చేతిలో నుండగా, విధేయత యెంత భక్తివలన కలిగినదో, యెంత భయమువలన కలిగినదో వేరుచేసి చెప్పుట కష్టము.

గ్రామస్థులు ఈ స్థితిని మౌనముగ సహించిరనుట చరిత్రకు విరుద్ధము. చరిత్రకారుడు సౌరభ్ దూబే మిషను కాగితములను పరిశీలించి, వారు మిషనరీ బోధించిన దానిని తమ బ్రదుకునకు తగినట్లు మలచుకొనిన విధమును వివరించెను. వివాహ విషయము ఇందుకు మంచి నిదర్శనము. ఛత్తీస్‌గఢ్‌లో భర్తను విడిచిన స్త్రీకి మరొక పురుషుడు గాజులు తొడిగి పరిగ్రహించు చూరీ అను ఆచారము గలదు. మిషనరీ దృష్టిలో అది వ్యభిచారము. గ్రామస్థుల దృష్టిలో అది పెద్దల యెదుట జరిగిన సక్రమమైన సంబంధము. శిక్షలు విధింపబడినను ఆచారము పోలేదు. సయానులనబడు ఊరిపెద్దల పంచాయతి, సంఘపు పెద్దల సభ, ఈ రెండును ఒకదానిలో నొకటి కలిసిపోయి, కులపు కట్టుబాటులో కొంత, సువార్త కట్టుబాటులో కొంత చేరిన క్రొత్త న్యాయమొకటి ఏర్పడెను. 1930 దశకము వచ్చుసరికి, సంఘము తన్ను తానే పాలించుకొనవలెనన్న మిషను బోధననే ఆధారము చేసికొని, గ్రామస్థులు మిషనరీ అధికారమును ప్రశ్నించిరి. అదే నోటితో, మాల్గుజారు తన రైతులను పోషింపవలసిన ధర్మమును కూడ వారతనికి జ్ఞాపకము చేసిరి. ఈ రెండు వాదముల నడుమ వైరుధ్యమున్నదని నవ్వుట సులభము. నిజమునకు ఆ వైరుధ్యము గ్రామపు పునాదియందే యున్నది.

ఈ మైదానపు దక్షిణ భాగమున, ధమ్‌తరిలో, మరియొక ప్రయత్నము జరిగెను. 1896–97, 1899–1900 సంవత్సరములలో మధ్యపరగణాలను రెండు ఘోరమైన కరవులు పట్టి పీడించెను. మొదటి కరవునాడు సహాయము కొనివచ్చిన అమెరికా మెన్నొనైటులు 1899లో ధమ్‌తరిలో స్థిరపడిరి. మెన్నొనైటుల చరిత్రయే ఒక ధిక్కార చరిత్ర. 1525లో జూరిచ్ నగరమున, శిశువులకు గాక తెలివివచ్చి తమంత తాము కోరినవారికే బాప్తిస్మమీయవలెనని పట్టుపట్టిన ఒక చిన్న సమూహమునుండి వారి శాఖ పుట్టినది. కత్తి పట్టరాదు, ప్రమాణము చేయరాదు, రాజ్యాధికారమును మతమునకు సాధనము చేయరాదు అనునవి వారి నియమములు. అందుకై చెరలు, చితులు, నీటిలో ముంచి చంపుటలు అనుభవించిరి. 16వ శతాబ్దమున వారిని నడిపిన మెన్నో సైమన్స్ పేరే వారికి నిలిచెను. దేశమునుండి దేశమునకు తరిమివేయబడి, రష్యాలోను, అమెరికాలోను సేద్యగ్రామములు కట్టుకొని, పొరుగు లోకమునకు ఎడముగ బ్రదికిరి. తెలుగువారికి వీరు అపరిచితులు కారు. రష్యాలోని అట్టి గ్రామములనుండి బయలుదేరిన ఏబ్రహాము ఫ్రీసెన్ 1890 నాటికే నల్లగొండ చేరి పనిచేసెను. తరువాత మెన్నొనైట్ బ్రదరన్ సంఘములు పాలమూరు సీమలో విస్తరించెను.

ధమ్‌తరిలో వారి మొదటి సంఘము చాలమట్టుకు అనాథలతో ఏర్పడినది. కరవున తల్లిదండ్రులను కోల్పోయిన వందలకొలది బిడ్డలను వారు చేరదీసిరి. ఏ కులమున పుట్టిరో కొందరికి తెలియదు, తెలిసినను దానిని అడుగువారు లేరు. ఒకే పళ్లెము తీరున తిని, ఒకే కప్పు క్రింద పెరిగిన ఆ బిడ్డలు యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఒకరినొకరు వివాహమాడి గృహస్థులైరి. పంక్తి, బావి, సంబంధము అను మూడు గీతలును వారి విషయమున ఒక్క తరములోనే చెరిగిపోయెను. ఇంతటి మార్పు ఏ ప్రబోధమువలనను గాక, కరవు తెచ్చిన మహావినాశమువలన సాధ్యమైనదన్న మాటను చరిత్ర దాచరాదు. ఈ క్రొత్త కుటుంబములకు భూమి కావలెను. 1906లో మిషను ధమ్‌తరి సమీపమునందలి బాలోద్‌గహన్ గ్రామమును కొనెను. మరల అదే మాల్గుజారీ, అదే చిక్కు. కత్తి పట్టనొల్లక, రాజ్యాధికారమును అంటనొల్లక మూడువందల యేండ్లు కష్టించిన శాఖవారు ఈ దేశమున భూస్వాములై శిస్తు పుచ్చుకొనవలసి వచ్చుట విధివైపరీత్యమనిపించును. ఐనను వారి ఆసుపత్రియు, శాంతిపురమున కుష్ఠురోగులకై నెలకొల్పిన ఆశ్రమమును ఆ సీమకు చిరకాలము సేవచేసెను. లోకము వెలివేసిన రోగిని తాకుట ఆనాడు ఏ ధర్మోపన్యాసముకన్నను స్పష్టమైన ప్రకటనము.

ఉక్కు ఒడంబడికకు ముందు వెనుకల అయిదారు సంవత్సరములలో ఈ పాత ఏర్పాట్లన్నియు మారిపోయెను. 1950 నాటి మధ్యప్రదేశ్ చట్టమువలన 1951 మార్చి 31వ తేదీనుండి మాల్గుజారీ రద్దయ్యెను. దానితో గ్రామపు క్రైస్తవులు మిషను రైతులు గాక ప్రభుత్వపు రైతులైరి. 1952లో ధమ్‌తరి మిషను తన బాధ్యతలను భారత మెన్నొనైట్ సంఘమునకు అప్పగించెను. 1954లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము క్రైస్తవ మిషనరీల కార్యములను విచారించుటకై భవానీశంకర్ నియోగి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1956లో వెలువడిన దాని నివేదిక, మతాంతరీకరణమే ప్రధానోద్దేశముగా గల విదేశీ మిషనరీలు తొలగిపోవలెనని సూచించెను. 1968లో రాష్ట్ర శాసనసభ మతస్వాతంత్ర్య చట్టమును చేసెను. బలాత్కారము, మోసము, ప్రలోభములవలన మతము మార్చుటను అది నిషేధించెను. 1977లో సుప్రీముకోర్టు ఆ చట్టమును సమర్థించెను. నియోగి నివేదికలోని ఆరోపణలను క్రైస్తవులు ఖండించిరి. ఐనను అది వేసిన మూలప్రశ్న, ఈ సంఘములు ఎవరి ధనముతో, ఎవరి ఆజ్ఞతో నిలుచుచున్నవన్నది, బిస్రాంపూరు గ్రామస్థులు 1930 దశకముననే వేరొక తీరుగా వేసియుండిన ప్రశ్నయే.

ఇదే కాలమున మరియొక కష్టము చట్టరూపమున వచ్చెను. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము హిందువులకు మాత్రమే ఆ హోదా చెల్లును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినను క్రైస్తవులకు వర్తింపలేదు. భిలాయి కర్మాగారమువంటి ప్రభుత్వరంగ సంస్థలలో రిజర్వేషన్లు అమలు జరిగినపుడు దీని ఫలము ప్రత్యక్షమయ్యెను. ఒకే తాతకు పుట్టిన రెండు శాఖలలో సత్‌నామీగా నిలిచిన శాఖలోని యువకునకు రిజర్వు చేయబడిన ఉద్యోగమునకు అర్హత గలదు. బిస్రాంపూరు శాఖలోని యువకునకు లేదు. పాత ఊరిలో నీరు దొరకకుండుట మొదటి తరము చెల్లించిన వెల. ఉద్యోగపు అర్హత లేకుండుట మూడవ, నాలుగవ తరము చెల్లించిన వెల. లాభమునకై మతము మారిరన్న నిందను, మారుటవలన వచ్చిన ఈ నష్టమును ఒకే త్రాసున ఉంచి తూచినగాని న్యాయము కాదు.

ఇట్టి పూర్వరంగముతో భిలాయి వచ్చెను. అది కూడ ఒక విధముగ ఉమ్మడి జీవనపు ప్రయోగమే. ఇల్లు, బడి, వైద్యము, నీరు, దీపము అన్నియు సంస్థయే సమకూర్చెను. క్వార్టర్లు కులమునుబట్టి గాక హోదానుబట్టి కేటాయింపబడెను. 1993 మొదలు ఈ నగరమున పరిశోధించిన మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ, ఊరిలో సత్‌నామీలతో కలిసి తిననివారు కర్మాగారపు షాపులలో కాలక్రమమున కలిసి తినువారైన విధమును వర్ణించెను. అనగా, బిస్రాంపూరున ప్రభుభోజనపు పాత్ర చేయయత్నించిన పనిని ఇచట కొలిమి వేడిమియు, షిఫ్టు గంటయు తమ తీరున చేసినవి. 1970లలో ధమ్‌తరి వద్ద మహానదిపై కట్టిన గంగ్రేల్ ఆనకట్ట నీరు భిలాయికి ప్రవహించినట్లే, పాత క్రైస్తవ గ్రామముల చదువుకొనిన బిడ్డలును ఆ సీమలోని పట్టణములకు కొలువులకై తరలిరి.

గ్రామమునుండి నగరమునకు వచ్చిన క్రైస్తవునకు రెండు విషయములు క్రొత్త. మొదటిది, అతని చుట్టు ఇప్పుడు ఊరంతయు తనవారు లేరు. ఒక గోడకు ఆవల ఉత్కళ బ్రాహ్మణుడు, ఈవల పంజాబీ సిక్కు. రెండవది, అతని సంఘమునకు భూమి లేదు. క్వార్టరు సంస్థది, కొలువు విరమించినపుడు దానిని విడువవలసినదే. సంఘపు కాపరి చేతిలో కౌలుపత్రము లేదు, గింజల కొట్టు లేదు, కట్టెలకు చీటి లేదు. ఆదివారము ఆరాధనకు పోవువాడు తాను కోరియే పోవును. మానివేసినను అతని పొలము పోదు. జూరిచ్ నగరపు ఆ చిన్న సమూహము 1525లో కోరినది సరిగా ఇట్టి స్వేచ్ఛనే. ఛత్తీస్‌గఢ్‌లో అది మిషను గ్రామమున పూర్తిగ లభింపక, సర్కారు కర్మాగారపు నగరమున లభించెను.

ఐనను నగరము తన విభజనలను తాను తెచ్చెను. మలయాళము, తెలుగు, హిందీ మొదలగు భాషలవారు వేర్వేరు ఆరాధనలు జరుపుకొనుట సహజమే. మాతృభాషలో ప్రార్థించుకొనుట దూరదేశమున మనుష్యునకు గొప్ప ఊరట. కాని భాషతో పాటు స్వదేశపు కులభేదములు, శాఖాభేదములు కూడ మూటగట్టుకొని వచ్చుట కలదు. 1970 నవంబరు 29వ తేదీన నాగపురమున ఆరు శాఖలు ఏకమై ఉత్తర భారత సంఘము ఏర్పడినపుడు బిస్రాంపూరు పరంపరకు చెందిన సంఘములు అందు చేరెను. మెన్నొనైటులు తమ ప్రత్యేకతను నిలుపుకొనిరి. ఐక్యత కాగితముమీద కుదిరిన చోటులను మించి, కలిసి భుజించిన చోటులలోనే బలపడునని తెలుగుదేశపు అనుభవము సూచించును. సిక్కు కుటుంబమున పుట్టిన భక్తసింగ్ (1903–2000) హైదరాబాదున 1950లో ఆరంభించిన హెబ్రోను సహవాసములో, ఆరాధన ముగిసిన పిమ్మట అందరును వరుసలో కూర్చుండి ఒకే వంట తినుట ముఖ్యమైన ఆచారమయ్యెను. పనివారికి నిర్ణీతమైన జీతములు లేకయు, విదేశీ మిషను ఆస్తి లేకయు ఆ సంఘములు వేలాది జనులను కూర్చెను. భూమి లేని సంఘము పంక్తి బలముమీద నిలువగలదనుటకు ఇది సమీపమునందలి తార్కాణము.

భిలాయిలో ఈనాటి పరీక్ష మరియొకటి. 1980 దశకపు నడిమి కాలమున 60 వేలకు మించిన కర్మాగారపు సిబ్బంది తరువాతి మూడు దశాబ్దములలో సుమారు సగమునకు తగ్గినది. కంట్రాక్టు కూలీలు పెరిగిరి. ప్యారీ తన గ్రంథమున ఎత్తి చూపిన ముఖ్యవిషయమిదియే: ఆ నగరమున నౌకరీ గలవారు, కేవలము కామ్ గలవారు అను రెండు తరగతులు ఏర్పడి, వారి బ్రదుకులు, బడులు, వివాహసంబంధములు క్రమముగ వేరగుచు వచ్చెను. స్థిరమైన జీతము, క్వార్టరు, వైద్యము గలవాడు ఒకడు. ఏ నాటి కూలి ఆ నాటిదే యైనవాడు మరియొకడు. ఇరువురును ఒకే షాపులో పనిచేయవచ్చును, ఒకే కులమువారు కావచ్చును, ఒకే కీర్తన పాడవచ్చును. పూర్వము కులము గీచిన మూడు గీతలను ఇప్పుడు జీతపు చీటి గీచుచున్నది.

ఈ గీతను దాటుటకు బిస్రాంపూరు అనుభవము తిన్నని దారి చూపదు. కాని రెండు హెచ్చరికలు చేయును. సంఘము తన పేదలకు యజమానియై పోషించునెడల, వారు సంఘమునకు రైతులగుదురు గాని సోదరులు కారు. సంఘము వారి యిక్కట్టు తనకు పట్టనిదని తలచునెడల, ఆదివారపు పాత్ర ఉత్త పాత్రయగును. ఈ రెంటి నడుమ, జీతమున్నవాడును లేనివాడును ఒకరి యింట ఒకరు తినుట, ఒకరి బిడ్డ ఫీజునకు, ఒకరి రోగపు ఖర్చునకు మరియొకరు పూనుకొనుట, పెద్దల సభలో కంట్రాక్టు కూలికి కూడ స్థానముండుట అనునవి మిగిలియున్నవి. ఒంగోలు పల్లెలలోని వారికి భూమి లేకుండెను. ధమ్‌తరి అనాథలకు తల్లిదండ్రులు లేకుండిరి. ఐనను వారు తమ నిరాకరణముచేతను, తమ పంక్తిచేతను ఒక జనముగా నిలిచిరి. భిలాయి సంఘములకు దక్కిన వారసత్వము అదియే. బిస్రాంపూరు 1,544 ఎకరములు ఇప్పుడెవరికిని కట్టుబాటు విధింపజాలవు.